పండగ పూట ఎనిమిది గంటల పని

మీ ఇల్లు, వంటగదిలో బల్ల చివర
డిసెంబరు మొదటి ఆదివారం

అక్కకి,

నువ్వు రైలెక్కి వారం కాలేదు, అప్పుడే మీ ఇంటిని గాడిలో పెట్టేశాను. కంగారు పడకు.

ముందు నా ఉద్యోగం సంగతి. బావ నీకు వేరేలా చెప్పి ఉంటాడు. చెప్పుల షాపు యజమాని నన్ను తీసెయ్యలేదు, నేనే మానేశాను. పండగ సీజనని చెప్పి, దూదికుచ్చు వేలాడే ఎర్ర టోపీ ఒకటి తలకి పెట్టుకుని, గుమ్మం దగ్గర నిలబడి, వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ నవ్వుతూ తలుపు తియ్యమన్నాడు. తలుపు తియ్యడం నా పని, నవ్వడం నా పనిలో లేదు, దానికి వేరే జీతం ఇవ్వండి అన్నాను. "ఆ మొహానికి నవ్వంటూ వస్తే కదా జీతం సంగతి" అన్నాడు. టోపీ తీసి ఆయన బల్ల మీద బోర్లించి వచ్చేశాను. కాబట్టి నీ కూతుర్ని చూసుకోవడానికి నాకు తీరిక దొరకడం నీ అదృష్టం కాదు. ఒక పోరాట ఫలితం. ఆ తేడా గుర్తు పెట్టుకో.

ఇన్నాళ్ళూ నువ్వీ ఇంట్లో వేళాపాళా లేకుండా చాకిరీ చేశావు. ఆ రోజులు పోయాయి. ఇంటిపని కూడా పనే అని నా దగ్గరున్న కరపత్రంలో స్పష్టంగా రాసి ఉంది. అందుకని గోడకి ఒక టైంటేబులు అంటించాను. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి, ఎనిమిది గంటల స్వవికాసం. మా పిడుగు దానికింద నిలబడి చాలా శ్రద్ధగా చూసింది. రెండేళ్ళు నిండని పిల్లకి ఇంత చైతన్యమా అని మురిసిపోయాను. గ్లాసు కడుక్కొచ్చేసరికి విశ్రాంతి ఉన్న ముక్క చింపి నమిలేస్తోంది. తప్పు దానిది కాదు, తియ్యటి జిగురు తయారుచేసే కంపెనీది.

మీ అత్తగారితో మాత్రం మొదటిరోజే పేచీ వచ్చింది. నేను అత్తయ్యా అని పిలుస్తుంటే కాస్త మెత్తబడుతుందిగానీ, క్రిస్మస్ దగ్గరికొచ్చేసరికి మనిషి మారిపోతుంది.

"అటక మీంచి ఆ పెట్టె దించు. చెట్టు కట్టాలి."

"పశువుల పాకలో పుట్టినవాడికి ఈ తళుకు కాగితాలెందుకు అత్తయ్యా? ఇదంతా బజారువాళ్ళ కుట్ర."

"పాకే అయినా ఆ పూట ఎవరో ఒకరు తుడిచే ఉంటారురా. పెట్టె దించు."

దించాను. ఇది లొంగుబాటు కాదు, ఎత్తుగడ.

ఇక బావ. ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి వస్తాడు, చొక్కా మారుస్తాడు, పేపరు పరుచుకుని దాని వెనకనుంచి "ఏదీ మా పిడుగు, ఏం చేస్తోంది" అని అడుగుతాడు. అది ఆయన మోకాలు పట్టుకుని నిలబడే ఉంటుంది.

నీ పోరాటం నువ్వు చెయ్యి. ఇక్కడ నేనున్నాను.

తమ్ముడు


పోస్టాఫీసు హాస్టలు, మేడ మీద గది
డిసెంబరు రెండో వారం

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం తిన్నగా నేను నిలబడే అరల ముందుకే వచ్చింది. నా ఉత్తరాన్ని నేనే సార్టింగు చేసుకుని, నా అరలో నేనే పడేసుకుని, డ్యూటీ దిగాక నేనే తీసుకున్నాను. నీ చేతిరాత చూసి పక్కావిడ "కోడిపిల్ల సిరాలో నడిచిందా" అని అడిగింది. మా తమ్ముడు, మేధావి అన్నాను.

ఇక్కడ హాలు నిండా మేమే, టెంపరరీవాళ్ళం. పండగ టపా సంచుల్లో వస్తుంది, గుట్టగా పోస్తారు, మేం ఊరూరుగా విడదీస్తాం. నిన్నంతా గ్రీటింగు కార్డులే. కార్డుల్లో అందరూ సుఖంగా సంతోషంగా ఉన్నారు, అడ్రసులే తప్పు. క్రిస్మస్ తాతకి పిల్లలు రాసే ఉత్తరాలకి వేరే గంప పెట్టారు. వాటికి జవాబు రాసే పని మా సూపర్వైజరుకి ఇచ్చారు. ఆయన నవ్వగా ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

ఒక్క సంగతి నీ బుర్రలో నాటుకోవాలి కాబట్టి మళ్ళీ చెబుతున్నాను. ఈ నెలాఖరుదాకా ఒక్క పూట కూడా సెలవు పెట్టకుండా నిలబడ్డవాళ్ళని పర్మనెంటు చేస్తారు, ఎవరి ఊరి ఆఫీసుకి వాళ్ళని పంపుతారు. ఒక్క పూట తప్పామా, పేరు కొట్టేస్తారు. మీ బావ "సరదాగా వెళ్ళిరా" అని రైలెక్కించాడు. నేను సరదాకి రాలేదురా. నాకిది కావాలి.

ఫోను వార్డెనమ్మ గదిలో ఉంది. ప్రాణం మీదికొస్తే తప్ప మమ్మల్ని పిలవదు. కాబట్టి ఉత్తరాలే మనకి దిక్కు.

పిడుగు చెవి లాక్కుంటే అది ఆకలి కాదు, నిద్ర. అప్పుడు పాలు పట్టకు. ఎర్ర దగ్గుమందు దానికి పడదు, ఒళ్ళంతా దద్దుర్లు తేలతాయి. ఏడుస్తుంటే ఎత్తుకో, ఉపన్యాసం చెప్పకు.

ఇంకొకటి. అత్తయ్యకి మాత్రం నీ కరపత్రాలు చదివి వినిపించకు. ఆవిడ మాటని మాటగానే పట్టుకునే మనిషి. రోజూ నడవమని డాక్టరు ఒక్కసారి అంటే, ఆ రోజునుంచి కుండపోత వానలో కూడా గొడుగేసుకుని నడుస్తోంది.

అక్క


మీ ఇల్లు, క్రిస్మస్ చెట్టు పక్కన
డిసెంబరు రెండో వారం చివర

అక్కకి,

వినిపించకు అన్నావు. నీ ఉత్తరం అందేటప్పటికే సగం వినిపించేశాను. సగంలో ఆపితే అర్ధసత్యం అవుతుంది, అది నా సిద్ధాంతానికి విరుద్ధం. కాబట్టి మిగతాది కూడా చదివాను.

నువ్వావిడని తక్కువ అంచనా వేశావక్కా. ఇన్నేళ్ళూ ఆవిడతో ఎవరూ మనిషిని మనిషిగా చూసి మాట్లాడలేదు, అంతే. కేకు కోసం ఆవిడ గుడ్లు గిలక్కొడుతుంటే ఎదురుగా స్టూలు మీద కూర్చుని నేను పేజీ తరవాత పేజీ చదివాను. గిలక్కొట్టడం ఆపి మరీ వింది. ప్రశ్నలు కూడా అడిగింది.

"ఈ ఎనిమిది గంటలు ఎప్పణ్ణుంచి లెక్క? పొయ్యి వెలిగించినప్పణ్ణుంచా, మంచం దిగినప్పణ్ణుంచా?"

"మంచం దిగినప్పణ్ణుంచే అత్తయ్యా."

"పండగ రోజున సెలవుందా ఇందులో?"

"ఉండి తీరాలి. అది హక్కు."

"ఇవ్వకపోతే?"

"సమ్మె."

"ఊఁ" అని మళ్ళీ గుడ్లు అందుకుంది. ఆ "ఊఁ"లో ఎంత లోతుందో నువ్విక్కడ ఉంటే తెలిసేది. ఒక మనిషిలో చైతన్యం మొలకెత్తడం కళ్ళారా చూశాను.

చెట్టు కట్టేశాం. పిడుగు చేతికి అందినంతవరకూ ఉన్న గంటలూ బంతులూ మొదటిరోజే రాలిపోయాయి. ఒకటి నోట్లో పెట్టుకుంది, రెండు బావ బూట్లలో దొరికాయి. అందుకని పైసగం నిండా అలంకారాలు, కిందిసగం బోడి. చూసినవాళ్ళందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం సమాజం మొత్తం ఆ చెట్టులో కనపడింది. ఆ మాట బావతో అంటే "స్టూలెక్కి నక్షత్రం సరిగ్గా పెట్టు, సమాజం సంగతి తరవాత" అన్నాడు.

రాత్రుళ్ళు పిడుగు బాగానే పడుకుంటోంది. నీ గురించి అడగదు. సుఖంగా ఉంది.

తమ్ముడు


పోస్టాఫీసు హాస్టలు
డిసెంబరు మూడో వారం

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చైతన్యం మొలకెత్తిన చోటు దగ్గర ఆగిపోతున్నాను. ఆ "ఊఁ" నాకు తెలుసు. ఆ "ఊఁ" అన్న తరవాత ఆవిడ వెనక్కి తగ్గడం ఈ ఇంటికొచ్చాక నేనెప్పుడూ చూడలేదు.

ఇక్కడ నిలబడీ నిలబడీ కాళ్ళు దుంగల్లా అయ్యాయి. నిన్న ఒకావిడ సంచి పక్కన కూలబడింది. వాళ్ళాయన పిల్లాడికి జ్వరమని ఫోను చేశాడట, వెళ్ళిపోయింది. పోయేటప్పుడు ఎవరి మొహంలోకీ చూడలేదు.

పిడుగు నా గురించి అడగడం లేదన్నావు. మంచిదే. ఆ మాట రాసినందుకు సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు. అన్నీ ఉన్నదున్నట్టు రాయి.

అక్క


మీ ఇల్లు
డిసెంబరు మూడో వారం

అక్కకి,

ఇక్కడ అంతా సవ్యంగా ఉంది. అత్తయ్య ఆరోగ్యంగా ఉంది, పూర్తి విశ్రాంతి తీసుకుంటోంది. బావ ఆరోగ్యంగా ఉన్నాడు, కాస్త చిక్కాడు. మేమిద్దరం బ్రెడ్డు తింటున్నాం. తేలికైన తిండి మెదడుకి మంచిదని ఎక్కడో చదివాను.

ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. మాడి గట్టిపడిపోయిన పంచదార పాకం గిన్నెకి అతుక్కుంటే ఎలా వదిలించాలి? స్క్రూడ్రైవరు వాడవచ్చా? ఇంకో సందేహం, ఇది కూడా ఊరికే. తెల్ల చొక్కాలతో కలిపి పిల్ల ఎర్ర స్వెట్టరు ఉతికితే ఆ చొక్కాలు మళ్ళీ తెల్లగా అవుతాయా? ఇన్సూరెన్సు ఆఫీసులో లేత గులాబీ రంగు చొక్కాలకి అభ్యంతరం ఏమైనా ఉంటుందా?

పండగ ఏర్పాట్లు చురుగ్గా సాగుతున్నాయి. వివరాలు అనవసరం.

తమ్ముడు


పోస్టాఫీసు హాస్టలు
ఆ వెంటనే

ఒరేయ్,

నువ్వు ఇంత చిన్న ఉత్తరం రాయడం ఇదే మొదలు. అత్తయ్య పూర్తి విశ్రాంతి అట. ఆవిడ జ్వరంతో పడుకుని కూడా మంచం మీంచి కూరలు తరిగే మనిషి.

గిన్నెలో వేడినీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టు, అదే కరుగుతుంది. స్క్రూడ్రైవరు దాచెయ్యి. చొక్కాలు ఇంక గులాబీవే.

ఏం జరిగిందో రాయి. తిట్టను.

అక్క


మీ ఇల్లు, పెరటి మెట్ల మీద
క్రిస్మస్ వారం మొదలు

అక్కా,

తిట్టనన్నావు కాబట్టి రాస్తున్నాను.

అత్తయ్య సమ్మె చేస్తోంది.

ఆ రోజు కేకు కోసం పొయ్యి మీద పాకం బుసబుసా పొంగుతోంది. ఆవిడ గరిటె తిప్పుతోంది. గోడ గడియారం వైపు చూసింది, గరిటె పక్కన పెట్టింది, చేతులు కడుక్కుంది. "అయిపోయాయి" అంది. ఏమిటయిపోయాయి అన్నాను. "ఎనిమిది గంటలు. మంచం దిగినప్పణ్ణుంచి లెక్కన్నావుగా" అని పోయి వాలుకుర్చీలో కూర్చుంది. ఎదురుగా పాకం మాడుతోంది. ఆవిడ చూస్తోంది. నేను చూస్తున్నాను. మా ఇద్దరి మధ్యా సిద్ధాంతం నిలబడి ఉంది.

అంతటితో పోయేది. సాయంత్రం బావ వచ్చి, మాడు వాసనకి ముక్కు మూసుకుని, నోరు మాత్రం మూసుకోలేదు.

"ఏంటమ్మా ఇది, అసలే ఇంట్లో అది లేదు, నువ్వు కూడానా?"

"అది లేదు కాబట్టే తెలిసిందిరా, ఇది ఇద్దరు మనుషుల పని అని."

"ఏం పనమ్మా? పొద్దస్తమానూ ఊరికే ఇంట్లో కూర్చోవడమేగా."

అక్కా, నేను ఎన్నో సభల గురించి చదివాను. ఒక్క వాక్యంతో ఇంత పెద్ద సమ్మె ఎక్కడా మొదలవలేదు. ఆవిడ ఎప్రాను విప్పి, నాలుగు మడతలు పెట్టి, బావ ఒళ్ళో పెట్టింది. "రేపణ్ణుంచి ఆ ఎనిమిది గంటలు కూడా లేవు. పిల్ల సమ్మెలోకి రాదు, పిల్లకి పెడతాను, పోస్తాను. మీ ఇద్దరికీ మంచినీళ్ళు కూడా ఇవ్వను" అంది.

నేను కార్మికుల పక్షం కదా, నన్నెందుకు కలిపావు అత్తయ్యా అని అడిగాను. "నువ్వు తిన్న కంచం ఎవరు కడుగుతున్నారు?" అంది. దీనికి కరపత్రంలో జవాబు వెతికాను. లేదు. అది రాసినవాడి కంచం ఎవరు కడిగేవారో కూడా అందులో లేదు.

డిమాండ్లు మూడు. మొదటిది, రోజుకి ఎనిమిది గంటలకి మించి పని చెయ్యదు. రెండోది, క్రిస్మస్ రోజు చర్చి నుంచి వచ్చాక కుర్చీలోంచి లేవదు, అన్నీ మేమే చెయ్యాలి. మూడోది, పొద్దుటిపూట పిల్ల పని పిల్ల తండ్రిది, సాయం చేసినట్టు కాకుండా తన పనిగా చెయ్యాలి. ఈ మూడోది ఆవిడ నోటి మాటలా లేదు, బాగా చెక్కినట్టుంది. నా బోధన ఫలితమే అయి ఉంటుంది.

ఇప్పుడు వంటగదిలోకి నేను వెళితే సమ్మె ద్రోహిని, వెళ్ళకపోతే ఆకలి. మొదటిదే అయ్యాను. గుడ్లు ఉడకబెడుతున్నాను. బావ నాతో మాట్లాడటం మానేసి, గులాబీ చొక్కాలో ఆఫీసుకి పోతున్నాడు. నిన్న మాత్రం మాట్లాడాడు. "దీనికంతటికీ ఒకటే మందు, మీ అక్క రావాలి. పిల్లకి జ్వరమని వార్డెనుకి ఫోను చేస్తాను" అన్నాడు. అబద్ధం చెబుతావా బావా అని అరిచాను. "పండగ పూట అందరూ చెప్పేదేగా" అన్నాడు.

నీకు ఒకటి రాయలేదు. నిన్ను అడగడం లేదని రాశాను. నోటితో అడగదు, నిజమే. సాయంత్రం అయ్యేసరికి మంచం కింద దూరి నీ పాత చెప్పులు లాక్కొచ్చి, గుమ్మం దగ్గర జతగా పెట్టి, వాటి పక్కన కూర్చుంటుంది. ఎత్తుకుంటే గింజుకుంటుంది. రోజూ ఇంతే.

అక్కా, నా వల్ల కావడం లేదు. ఒక్క రోజు రా. క్రిస్మస్ పూట వచ్చి పో. ఒక్క పూటకి ఎవరు చూడొచ్చారు.

తమ్ముడు


పోస్టాఫీసు హాస్టలు
క్రిస్మస్‌కి ముందు

తమ్ముడూ,

తిట్టనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

చెప్పుల సంగతి ముందే రాయాల్సింది. చదివాక నా చేతిలో ఉత్తరాలు ఏ అరలో పడుతున్నాయో చూసుకోలేదు. ఎవరి కార్డులో ఎక్కడికో పోయి ఉంటాయి. మీ బావ ఫోను చేస్తే నమ్మి పరుగెత్తేదాన్నే. నువ్వు నిజం రాశావు కాబట్టి ఆగగలుగుతున్నాను. నీ నిజానికి ఇన్నాళ్ళకి ఒక ఉపయోగం దొరికింది.

రాను.

నేనొస్తే అది గంతులేస్తుంది, ఒక్క రోజు. మీ ఇద్దరి కడుపూ నిండుతుంది, ఒక్క రోజు. ఆ తరవాత ఊరికే ఇంట్లో కూర్చునే ఆవిడ పక్కన ఊరికే కూర్చునే ఇంకో మనిషిని అవుతాను, ఇక ఎప్పటికీ. చెప్పుల షాపువాడు నవ్వమన్నందుకు ఉద్యోగం విసిరికొట్టి వచ్చావు, దాన్ని పోరాటం అన్నావు. నాకు విసిరికొట్టడానికి ఒక ఉద్యోగమంటూ ముందు దొరకాలి కదరా.

ఆ కరపత్రాల్లో ఆడవాళ్ళు అని ఉన్నచోటల్లా నీకు బొమ్మలో జెండా పట్టుకున్న ఆడమనిషి ఎవరో కనపడుతుంది. వంట చేసిపెట్టే అక్క కనపడదు. ఆకలేస్తే మాత్రం ఆ అక్కే కావాలి.

మీ బావ ఫోను చేస్తే చెయ్యనీ. వార్డెనమ్మ నన్ను పిలిస్తే, పిల్లకి జ్వరమని చెబితే, అబద్ధమని తెలిసినా నా కాళ్ళు ఆగుతాయన్న నమ్మకం నాకు లేదు. అందుకే నీకు చెబుతున్నాను. ఆ ఫోను నాదాకా రాకుండా చూడు. ఎలాగో నాకు తెలియదు. ఇన్ని చదివావు కదా.

అక్క


మీ ఇల్లు, ముందు గదిలో నేల మీద
క్రిస్మస్ రోజు, మధ్యాహ్నం

అక్కకి,

నీ ఉత్తరం నిన్న పొద్దున అందింది. సాయంత్రం బావ పిడుగుని ఎత్తుకుని మూల మీద మందుల షాపుకి బయల్దేరాడు, అక్కడ ఫోనుంది. నేను వెంటపడ్డాను. దారి పొడుగునా వాదించాను. అన్యాయం అన్నాను, మోసం అన్నాను, చరిత్ర నిన్ను క్షమించదన్నాను. "చరిత్రని వచ్చి గిన్నెలు తోమమను" అన్నాడు.

ఫోను కలిసింది. మీ వార్డెనమ్మ గొంతు షాపంతా వినపడింది.

"పిల్లకి జ్వరమండి, వాళ్ళమ్మని పంపించాలి" అన్నాడు బావ. భుజం మీద పిడుగు కాళ్ళతో ఆయన ఛాతీ మీద దరువేస్తోంది.

"డిసెంబరులో మొగుళ్ళు ఫోను చేస్తే పిల్లలకి జ్వరాలే" అంది ఆవిడ. "సరే, చెప్పండి. ఎప్పణ్ణుంచి? పొద్దున ఏం తిన్నది? మధ్యాహ్నం పడుకుందా? ఏ మందూ పడకపోవడం లాంటిదేమైనా ఉందా? ఇవి చెబితే తల్లికి చెబుతాను. ఆవిడ మొదట అడిగేవి ఇవే."

బావ ఫోను అరచేత్తో మూసి నా వైపు తిరిగాడు. "పొద్దున ఏం తిన్నదిరా?" అన్నాడు మెల్లిగా.

నాకు తెలుసు. అరటిపండు సగం, మిగతా సగం జుట్టుకి రాసుకుంది. మధ్యాహ్నం చెవి లాక్కుంటూ నా కాలి మీదే నిద్రపోయింది. ఎర్ర దగ్గుమందు పడదు. అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. అక్కా, నాకు తెలిసిన సంగతి నేను చెప్పకుండా ఊరుకోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. పళ్ళు బిగబట్టుకుని గోడమీద దగ్గుబిళ్ళల ప్రకటన చదువుతూ నిలబడ్డాను.

"ఏమండీ, ఉన్నారా? మీ పిల్లేనా?" అంది వార్డెనమ్మ.

మందుల షాపతను బావ వైపే చూస్తున్నాడు. బావ చెవులు చొక్కా రంగుకి వచ్చాయి. "రాంగ్ నంబరండి" అని పెట్టేశాడు.

ఇంటికొచ్చే దారిలో మలుపు దగ్గర ఆగి, "దానికేదో మందు పడదా?" అన్నాడు. చెప్పాను. "ఎర్రది" అని తనలో తాను ఇంకోసారి అనుకున్నాడు.

ఇవాళ చర్చికి తనే ఎత్తుకెళ్ళాడు. నేను సిద్ధాంతరీత్యా గేటు దాకానే. లోపల జరిగింది అత్తయ్య చెప్పింది. ఫాదరుగారు ప్రసంగంలో ఉండగా పిడుగు బావ ఒడిలోంచి జారి, క్రిస్మస్‌కి బొమ్మలతో కట్టిన పశువుల పాక దగ్గరికి పోయి, గొర్రెపిల్ల బొమ్మని చంకన పెట్టుకుని వచ్చేసిందట. పెట్టెయ్యమంటే చర్చంతా మారుమోగేలా "నాది" అందట. సొంత ఆస్తి గురించి నెలంతా నేను నేర్పింది గంగలో కలిసింది. ఫాదరుగారు సాయంత్రందాకా ఉంచుకోమన్నారు. ఇంటికొచ్చేసరికి పిల్ల కాలికి ఒక బూటే ఉంది. రెండోది వెతకడానికి బావే వెనక్కి వెళ్ళాడు, ఎవరూ చెప్పకుండానే.

కేకు మేమిద్దరం చేశాం. మధ్యలో గుంటపడింది. బావ ఆ గుంటలో జాము నింపి పైన పంచదార పొడి చల్లి, ముందే అలా అనుకున్నట్టు తెచ్చిపెట్టాడు. ఇన్సూరెన్సువాళ్ళ తెలివితేటలు వేరు. అత్తయ్య వాలుకుర్చీలో కూర్చుని, ఒక ముక్క నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, "ఉడికింది" అంది. అంతే అంది. మేమిద్దరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. షాపు యజమాని నెలజీతం చేతిలో పెట్టినప్పుడు కూడా నాకింత పొంగు రాలేదు.

సమ్మె ముగిసింది. మూడు డిమాండ్లూ ఒప్పుకున్నాం. "ఊరికే కూర్చోవడం" అన్న మాట బావ వెనక్కి తీసుకున్నాడు. గిన్నెలు తోముతూ తీసుకున్నాడు కాబట్టి అత్తయ్య అంగీకరించింది. నేను తిన్న కంచం నేనే కడుక్కున్నాను. ఆవిడ దాన్ని వెలుతురులో పెట్టి చూసి, మళ్ళీ కడగమంది.

చెప్పులు ఇవాళ కూడా గుమ్మం దగ్గరే ఉన్నాయి. నీకు అబద్ధం రాయను. పిడుగు గొర్రెపిల్లని వాటిలో పడుకోబెట్టి జో కొడుతోంది.

నువ్వు రాకపోవడమే మంచిదయింది. ఇది రాయడం నాకు ఎంత కష్టంగా ఉందో నువ్వు ఊహించుకోలేవు.

తమ్ముడు


పోస్టాఫీసు హాస్టలు
సంవత్సరం చివరి రోజు

తమ్ముడూ,

ఇవాళ సూపర్వైజరు బల్లెక్కి పేర్లు చదివాడు. సగం కన్నా తక్కువమందిమి మిగిలాం. నా పేరు ఉంది. అందరం చప్పట్లు కొట్టుకున్నాం, వెంటనే సంచులు వచ్చాయి, పనిలో పడ్డాం. ఎల్లుండి రైలెక్కుతున్నాను. మన ఊరి ఆఫీసులో తెల్లవారుఝాము డ్యూటీ.

వార్డెనమ్మ ఆ రోజే చెప్పింది, ఎవరో పిల్ల ఏం తిన్నదో తెలియని తండ్రి ఫోను చేశాడని. నవ్వి వెళ్ళిపోయాను. మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. నువ్వు నోరు మూసుకుని నిలబడిన దృశ్యం ఎంత ప్రయత్నించినా నా కళ్ళకి కట్టడం లేదు. ఇంటికొచ్చాక ఒకసారి చేసి చూపించు.

నువ్వు నాకు దాచావు. నేనూ నీకు ఒకటి దాచాను. నీ బోధన విన్న రోజునే అత్తయ్య నాకు విడిగా ఉత్తరం రాసింది. "మీ తమ్ముడు చెప్పింది బాగానే ఉంది, కానీ వాడికి పని తెలియదు. సమ్మెలో ఉన్నవాళ్ళు పిల్లకి తిండి పెట్టవచ్చా? ఏం అడిగితే బాగుంటుంది?" అని. పిల్లని సమ్మెలో కలపొద్దని రాశాను. డిమాండ్లలో మొదటి రెండూ ఆవిడ సొంతంగా అనుకున్నవి. మూడోది నేను చెప్పాను. అంత బాగా చెక్కినట్టుంది అన్నావు చూడు, అక్కడ పడీపడీ నవ్వాను. అది నీ బోధన ఫలితమే అనుకుని నువ్వు సంతోషంగా ఉండొచ్చు, నేనెవరికీ చెప్పను.

పాకం మాడబెట్టమని మాత్రం నేను చెప్పలేదు. అది పూర్తిగా ఆవిడ ప్రతిభ.

నిన్న మీ బావ నుంచి ఉత్తరం వచ్చింది. పెళ్ళయ్యాక ఆయన నాకు రాసిన మొదటి ఉత్తరం. పక్కావిడ మెడ చాపి చూడబోతే దాచుకున్నాను. నామీద బెంగగా ఉందనిగానీ, ఎప్పుడొస్తావనిగానీ అందులో ఒక్క ముక్క లేదు. రెండే వాక్యాలు. పొద్దున పిడుగు జావలో పంచదార వెయ్యాలా, ఉప్పు వెయ్యాలా? చల్లారాక పెట్టాలా, గోరువెచ్చగానా?

అది దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

పంచదార అని చెప్పు. గోరువెచ్చగా.

అక్క